నల్లమల, వెలిగొండ అడవుల్లో క్షీరదాల సర్వే: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రకాశం పడమటి నల్లమలలో, నెల్లూరు పడమటి వెలిగొండల్లో జంతువుల సర్వే అనగానే ఊళ్లోనూ కాలేజీల్లోనూ ఎదురయ్యే ప్రశ్నలివి. అందరూ ముందు పులి గురించే అడుగుతారు కాబట్టి పులితోనే మొదలుపెట్టాం.

మన అడవిలో పులులు ఎన్ని ఉన్నాయి?

ఒక మండలానికో, ఒక ఫారెస్ట్ బీటుకో (ఒక గార్డు కాపలా కాసే మేర) పులుల సంఖ్య చెప్పడం కుదరదు. మగపులి తిరిగే మేర చాలా పెద్దది. ఈ వారం దోర్నాల వైపు కెమెరాలో పడ్డది వచ్చే వారం నంద్యాల వైపు తేలొచ్చు. రెండు చోట్లా విడివిడిగా లెక్కపెడితే ఒక పులి రెండవుతుంది. అందుకే లెక్క మొత్తం రిజర్వుకి, ఆపైన రాష్ట్రానికి వేస్తారు. 2018 జాతీయ అంచనాలో ఆంధ్రప్రదేశ్‌కి 48 పులులు, 2022లో 63. దేశం మొత్తానికి 2006లో 1,411 ఉంటే 2022లో సగటు అంచనా 3,682, పైహద్దు 3,925. పేపర్లో హెడ్డింగు పెట్టేటప్పుడు ఈ సగటు, పైహద్దు అనే మాటలు ఎగిరిపోతాయి. అంకె ఒక్కటే మిగులుతుంది. అడవిలో దాక్కుని తిరిగే జంతువు గురించి ఒక్క అంకెను ఖాయంగా చెప్పేవాళ్లని కాస్త అనుమానించాల్సిందే.

ఈ రెండు జిల్లాల్లో సర్వే చేసే కొండ అడవి ఎక్కడిది?

ఉమ్మడి ప్రకాశం జిల్లాలో యర్రగొండపాలెం, దోర్నాల, మార్కాపురం, గిద్దలూరు వైపంతా నల్లమల. ఇందులో ఎక్కువ భాగం నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలోకి వస్తుంది. 1978లో అభయారణ్యమైంది, 1983లో టైగర్ రిజర్వు అయింది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకి అవతలి భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణకి వెళ్లింది. అయినా మన వైపు కోర్ (లోపలి అడవి), బఫర్ (దాని చుట్టూ ఉన్న మేర) కలిపితే 3,000 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. దక్షిణాన గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం దీనికి ఆనుకునే ఉంది.

నెల్లూరు వైపు ఉదయగిరి నుంచి రాపూరు దాకా గోడలా నిలబడి ఉన్నవి వెలిగొండలు. పెంచలకోన స్వామి పేరుతోనే ఇక్కడ పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది. 1997లో ప్రకటించారు, విస్తీర్ణం 1,000 చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. కొండ దాటితే కడప జిల్లా, లంకమల. ఇంకా దక్షిణానికి పోతే శేషాచలం. నల్లమల నుంచి తిరుమల కొండల దాకా ఇదంతా తెగుతూ అతుకుతూ సాగే ఒకే అడవి. పులులు దక్షిణానికి వెళ్లాలన్నా ఈ దారే. జిల్లాల గీతలు ఎన్నిసార్లు మారినా సర్వే కొండను బట్టే చేస్తారు.

ఇక్కడ ఏమేం ఉన్నాయి?

పులి, చిరుత, ఎలుగుబంటి, రేచుకుక్క, దుమ్ములగొండి, తోడేలు, నక్క. తినబడేవాటిలో కణితి, దుప్పి, కొండగొర్రె, మనుబోతు, మూషిక జింక, అడవిపంది. చెట్ల మీద కొండముచ్చు, కోతి, దేవాంగపిల్లి. రాత్రి తిరిగేవాటిలో అలుగు, ముళ్లపంది, పునుగుపిల్లి, మానుపిల్లి. పిల్లి జాతుల్లో ప్రపంచంలోకెల్లా చిన్నవాటిలో ఒకటైన తుప్పుమచ్చల పిల్లి కూడా ఉంది. పెద్దయ్యాక కూడా అది మన పెంపుడు పిల్లికన్నా చిన్నగా ఉంటుంది కాబట్టి చూసినా ఎవరూ పట్టించుకోరు.

ఈ జాబితాలో గబ్బిలాలు, ఎలుకలు లేవు. ప్రపంచంలోని క్షీరద జాతుల్లో దాదాపు 40 శాతం ఎలుకల వర్గానివి, మరో 20 శాతం గబ్బిలాలు. మన సర్వేల్లో బాగా వెనకబడింది కూడా ఇక్కడే.

వెలిగొండల్లో మాత్రమే చెప్పుకోదగ్గ జంతువు ఏదైనా ఉందా?

ఉంది, కానీ నెల్లూరులో చాలామందికి దాని పేరే తెలియదు. మద్రాస్ ట్రీ ష్రూ. శాస్త్రలోకానికి దీన్ని 1850లో జంతుశాస్త్రవేత్త వాటర్‌హౌస్ పరిచయం చేశాడు. నమూనా దొరికిన చోటు "కడపకూ నెల్లూరుకూ మధ్య కొండలు" అని నమోదైంది. అంటే మన వెలిగొండలే. మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన వాల్టర్ ఎలియట్ పేరు దానికి పెట్టారు. ఆ తర్వాత ఇది దక్షిణ, మధ్య భారతంలో చాలా చోట్ల కనబడింది. కానీ శాస్త్రం లెక్కలో దాని పుట్టిల్లు ఇదే.

చూడ్డానికి ఉడుతలాగే ఉంటుంది. దగ్గరగా చూస్తే వీపు మీద చారలుండవు, మూతి సన్నగా ముందుకు సాగి ఉంటుంది, భుజం మీద ఒక లేత గీత ఉంటుంది. పగలే తిరుగుతుంది. రాళ్ల మధ్య, పొదల కింద పురుగుల కోసం వెతుకుతుంది. ఇది ఉడుతా కాదు, చుంచూ కాదు, వేరే వర్గం. ప్రపంచ జాబితాలో దీనికి పెద్ద ప్రమాదమేమీ లేదని రాశారు. పెంచలకోన చుట్టుపక్కల రాళ్ల గుట్టల్లో ఓపిగ్గా కూర్చునేవాళ్లు పదిమంది ఉంటే ఈ జంతువు ఇక్కడ ఎలా బతుకుతోందో మనకి ఇప్పటికన్నా ఎక్కువ తెలిసేది. పులి కెమెరాకి పెట్టే ఖర్చులో చిన్న భాగం కూడా అక్కర్లేదు, బైనాక్యులర్స్, నోటుబుక్కు చాలు.

పాదముద్రలతో లెక్కపెట్టే పద్ధతి ఏమైంది?

1966లో ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి మొదలుపెట్టిన పద్ధతి అది. అడుగు మీద గాజుపలక పెట్టి గీత గీసుకోవడం, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీయడం, వాటిని పోల్చి ఇది ఫలానా పులి అనడం. పాత గార్డులు ఇప్పటికీ ఆ అచ్చుల గురించి ఇష్టంగా చెబుతారు. ఇబ్బంది ఏమిటంటే ఒకే పులి అడుగు తడి ఇసుకలో ఒకలా, పొడి దుమ్ములో ఇంకోలా పడుతుంది. పోల్చడం మనిషి కంటి మీదే ఆధారపడుతుంది. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాల మీద పులులు ఉండగానే అడవిలో ఒక్కటీ మిగల్లేదని 2005 నాటికి తేలింది. అప్పుడు పద్ధతి మార్చారు.

పాదముద్రను మాత్రం వదల్లేదు. ఇక్కడ ఏ జంతువు నడిచిందో చెప్పడానికి దాన్ని మించింది లేదు. పిల్లి జాతికి గోళ్ల గుర్తులు పడవు, కుక్క జాతికి పడతాయి. దుమ్ములగొండికి ముందు పాదం వెనక పాదంకన్నా బాగా పెద్దది. ఎలుగుబంటి వెనక పాదం వెడల్పాటి మనిషి పాదంలా ఉంటుంది, ముందు పొడవాటి గోళ్ల గీతలు. చిరుత అడుగు, ఆడపులి అడుగు మధ్య కొత్తవాళ్లు తరచూ తడబడతారు. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయకపోతే తర్వాత ఎవరూ ఏమీ తేల్చలేరు.

కెమెరా ట్రాప్ ఎలా పనిచేస్తుంది? ఎక్కడ పెడతారు?

లోపల ఒక సెన్సార్ ఉంటుంది. చుట్టూ ఉన్న వేడికి తేడాగా ఉన్న ఒళ్లు ముందు నుంచి కదిలితే ఫొటో తీస్తుంది. జాతీయ అంచనాలో అడవిని 2 చదరపు కిలోమీటర్ల గళ్లుగా కోసి, ప్రతి గడిలో జంతువు నడిచే దారి వెతికి, ఇటొకటి అటొకటి రెండు కెమెరాలు మోకాలి ఎత్తులో కడతారు. రెండెందుకంటే పులి కుడి పక్క చారలు, ఎడమ పక్క చారలు ఒకేలా ఉండవు. ఒకే పక్క దొరికితే అది కొత్త పులో పాత పులో తేలదు. ఎదురెదురుగా సరిగ్గా పెడితే ఒకదాని ఫ్లాష్ ఇంకోదాన్ని చెడగొడుతుంది కాబట్టి కాస్త పక్కకి జరుపుతారు. నెల రోజుల పాటు అక్కడే ఉంచి, వచ్చిన ఫొటోల్లో చారలను కంప్యూటర్ సాయంతో పోలుస్తారు. ఏ పులి ఎన్నిసార్లు, ఎక్కడెక్కడ పడిందో చూసి, అసలు పడనివి ఎన్ని ఉండొచ్చో గణితంతో అంచనా వేస్తారు. పైన చెప్పిన సగటు, పైహద్దు వచ్చేది ఇక్కడి నుంచే.

మన కొండల్లో ఇబ్బందులు వేరే ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో బండలు కాలిపోతుంటాయి. జంతువు ఒంటి వేడికీ బయటి వేడికీ తేడా తగ్గిపోయి కెమెరా కొన్నిసార్లు పట్టుకోదు. గాలికి ఊగే ఎండగడ్డి ముందు పెడితే కార్డు నిండా గడ్డి ఫొటోలే. ముందున్న గడ్డి కోయకుండా కెమెరా కట్టి వచ్చేవాళ్లకి తర్వాత ఆ వేల ఫొటోలు కూర్చుని చూసే శిక్ష పడుతుంది. ఎలుగుబంటి కెమెరాను నాకి, పీకి చూస్తుంది. మనుషులు ఎత్తుకుపోయేవీ ఉంటాయి.

పులిలా చారలను బట్టి గుర్తుపట్టలేనివాటిని ఎలా లెక్కపెడతారు?

కణితి, దుప్పి లాంటివాటికి సూటిగా 2 కిలోమీటర్ల గీత గీసుకుని తెల్లవారుజామున దాని మీద నిశ్శబ్దంగా నడుస్తారు. కనబడ్డ ప్రతి మందకీ ఎన్ని ఉన్నాయి, గీతకి ఎంత దూరంలో ఉన్నాయి అని రాస్తారు. దూరం కొలవడానికి రేంజ్‌ఫైండర్, కోణానికి దిక్సూచి. గీతకి దూరం పెరిగేకొద్దీ మన కంటికి తప్పిపోయేవి పెరుగుతాయి. ఆ తగ్గుదలను చూసి ఎన్ని తప్పిపోయాయో లెక్కగడతారు. నమ్మదగ్గ లెక్క రావాలంటే ఒక జాతి కనీసం 60 సార్లయినా కనబడాలి. దుప్పి విషయంలో ఇది కుదురుతుంది. కొండగొర్రె ఒంటరిగానో జంటగానో పొదల్లో తిరుగుతుంది కాబట్టి కుదరడం కష్టం.

అలుగు, ఎలుగుబంటి లాంటివాటికి సంఖ్య జోలికి పోకుండా ఉండడమే మంచిదని మా అభిప్రాయం. ఎన్ని గళ్లలో ఉంది, ఆ గళ్లు ఏటేటా పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అని చూస్తే చాలు. ఎలుగుబంటికి తవ్విన పుట్టలు, రేగు, నేరేడు, తునికి గింజలతో నిండిన మలం గుర్తులు. అలుగుకి చీమల, చెదల పుట్టల దగ్గర లోతుగా తవ్విన బొరియలు. మలం నుంచి డీఎన్‌ఏ తీసి జాతిని, కొన్నిసార్లు ఏ జంతువో కూడా తేల్చొచ్చు. హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం)కి చెందిన వన్యప్రాణుల ల్యాబు లాకోన్స్‌లో ఇలాంటి పరీక్షలు చేస్తారు.

వెతికాం, కనబడలేదు. అంటే లేనట్టేనా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

ఒక చోట నిజంగా ఉన్న జంతువు మన ఒక్క నడకలో దొరికే అవకాశం 40 శాతం అనుకుందాం. మూడుసార్లు నడిచినా అసలు దొరక్కుండా పోయే అవకాశం 0.6 × 0.6 × 0.6, అంటే దాదాపు 22 శాతం. ఐదు చోట్ల ఉంటే ఒక చోట మనం "లేదు" అని తప్పు రాస్తాం. అలుగు లాంటిదానికి ఆ అవకాశం 10 శాతమే అనుకుంటే మూడు నడకల తర్వాత కూడా 73 శాతం చోట్ల తప్పిపోతుంది. అప్పుడు మనం వేసిన మ్యాప్ అలుగుల మ్యాప్ కాదు, మన అదృష్టం మ్యాప్.

కాబట్టి ఏం కనబడిందో రాసినంత శ్రద్ధగా ఎంత వెతికారో రాయాలి. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు, ఎంతమంది, ఏ వేళ, ఎన్ని కెమెరాలు ఎన్ని రాత్రులు. ఏమీ దొరకని రోజు కూడా ఫారం నింపాలి. ఖాళీ ఫారం పంపడానికి జనం సిగ్గుపడతారు, ఆ రోజును లెక్కలోంచి తీసేస్తారు. లెక్క చెడేది అక్కడే. "ఉదయగిరి కొండల్లో రేచుకుక్కలు లేవు" అని ఎవరైనా అంటే, ఎన్ని రోజులు వెతికారని అడగండి. జవాబు రాకపోతే ఆ మాటకి విలువ లేదు.

దేవాంగపిల్లిని ఎలా చూడాలి?

రాత్రి, కాలినడకన, మెల్లగా. హెడ్‌ల్యాంప్ మీద ఎర్ర కాగితం చుట్టుకోవాలి, తెల్ల వెలుగు దాని కళ్లకి బాధ. కొమ్మల మధ్య రెండు నారింజ రంగు చుక్కలు దగ్గరదగ్గరగా మెరిస్తే ఆగి చూడాలి. ముళ్లకంప, తీగలు అల్లుకున్న చెట్లు దానికి ఇష్టం, కొమ్మకీ కొమ్మకీ మధ్య ఖాళీ ఉంటే దాటలేదు. దట్టమైన అడవిలోనే ఉంటుందనుకోవద్దు. కొండ దిగువన చేను గట్టు కంచెల్లోనూ ఉంటుంది, ఆ కంచె కొట్టేస్తే పోతుంది. మందులకీ మంత్రాలకీ పనికొస్తుందని దాన్ని పట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ నమ్మకంలో ఏమీ లేదు, జైలు మాత్రం నిజం.

ఏ కాలంలో సర్వే మంచిది?

నల్లమలలో డిసెంబరు నుంచి మే దాకా చేయొచ్చు. నెల్లూరు కొండలకి ఈశాన్య రుతుపవనాలే ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, వాగులు, తుఫాన్లు. గడ్డి ఎండి అడుగులు కనబడేసరికి సంక్రాంతి దాటుతుంది. జనవరి చివరి నుంచి మార్చి దాకా మంచి కాలం. ఆ తర్వాత ఎండ, నిప్పు.

ఎండాకాలం నీటిగుంట దగ్గర మంచె మీద కూర్చుని లెక్కపెడితే సరిపోదా?

సరదాగా ఉంటుంది, లెక్క రాదు. ఒకే మంద రాత్రిలో రెండుసార్లు రావొచ్చు. కొండగొర్రె నీళ్లకి రోజూ వస్తుంది, కొన్ని జంతువులు రోజుల తరబడి రావు. పైగా అడవిశాఖ ట్యాంకర్లతో నింపే సాసర్ పిట్ల (పళ్లెం లాంటి నీటి తొట్లు) దగ్గర జంతువులు గుమికూడతాయి, అక్కడి రద్దీ చూసి అడవంతా అలాగే ఉందనుకుంటాం.

చెంచులు, యానాదులు లేకుండా సర్వే జరుగుతుందా?

జరుగుతుంది, నాసిగా. పాలుట్ల లాంటి గూడేల నుంచి వచ్చే చెంచు వాచర్లు నల్లమల బేస్ క్యాంపుల్లో ఎప్పటి నుంచో పనిచేస్తున్నారు. కెమెరా ఏ మలుపులో కట్టాలో, ఏ చెలమలో ఏ నెల దాకా నీళ్లుంటాయో, కొండముచ్చు అరుపు పులికా చిరుతకా అన్నది వాళ్లకి తెలిసినట్టు యాప్‌కి తెలియదు. వెలిగొండ దిగువన ఎలుకలు, ఉడుములు, చిన్న జంతువుల గురించి యానాదులకున్న పట్టు అలాంటిదే. చిన్న క్షీరదాల సర్వే పెడితే ముందు వాళ్ల దగ్గరికే వెళ్లాలి.

అయితే రిపోర్టులో వాళ్లు "స్థానిక సహాయకులు" అనే రెండు మాటల్లో ముగిసిపోతారు. కూలి సకాలంలో ఇవ్వడం, వాళ్లు ఒప్పుకుంటే పేరు రాయడం, ఫలితం తిరిగి గూడెంలో చెప్పడం. ఈ మూడూ చేయని సర్వేకి రెండోసారి మంచి ట్రాకర్ దొరకడు.

"అంతరించే ప్రమాదం" అని ఎవరు నిర్ణయిస్తారు?

రెండు వేర్వేరు జాబితాలున్నాయి, జనం వాటిని కలిపేస్తుంటారు. ఒకటి ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం) రెడ్ లిస్ట్, ప్రపంచ స్థాయిది, 1964లో మొదలైంది. పదేళ్లలో గానీ మూడు తరాల్లో గానీ (ఏది ఎక్కువైతే అది) సంఖ్య 30 శాతం పడిపోతే ఒక మెట్టు, 50 శాతం పడిపోతే ఇంకో మెట్టు, 80 శాతం అయితే చివరి మెట్టు. ఇలాంటి కొలతలు ఇంకా ఉన్నాయి. దాని ప్రకారం పులి, రేచుకుక్క, అలుగు రెండో మెట్టులో ఉన్నాయి. చిరుత, ఎలుగుబంటి, కణితి, కొండగొర్రె అంతకన్నా ఒక మెట్టు కింద. దుమ్ములగొండి, తుప్పుమచ్చల పిల్లి, దేవాంగపిల్లి ప్రమాదానికి దగ్గరలో. దుప్పి, మనుబోతు, అడవిపందికి ప్రస్తుతానికి ఇబ్బంది లేదు.

రెండోది మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. అందులో షెడ్యూళ్లు శిక్షను, రక్షణను నిర్ణయిస్తాయి. 2022 సవరణతో ఆరు షెడ్యూళ్లు నాలుగయ్యాయి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. రెడ్ లిస్ట్‌లో ఇబ్బంది లేదన్నంత మాత్రాన దుప్పిని కొట్టొచ్చని కాదు, అదీ నేరమే.

ఈ రెండూ చెప్పనిది ఒకటుంది: మన కొండలో పరిస్థితి. దుప్పి దేశంలో లక్షల్లో ఉండొచ్చు, కానీ ఒక బీటులో ఉచ్చుల వల్ల తగ్గిపోతే అక్కడి పులికి తిండి లేనట్టే. ప్రపంచ జాబితా చూసి ఇక్కడ నిర్ణయాలు తీసుకోవడం సగం పనే. ఆ మిగతా సగం కోసమే ఏటా అదే దారిలో, అదే పద్ధతిలో నడవాలి.

ఇక్కడ జంతువులకి అసలు ముప్పు దేని వల్ల?

వేటగాడి తుపాకీ కన్నా ఉచ్చు, కరెంటు తీగ ఎక్కువ చంపుతాయన్నది మా అభిప్రాయం. అడవిపంది కోసం చేను చుట్టూ లాగిన తీగకి చిరుత, ఎలుగు, ఒక్కోసారి పక్క చేను రైతూ బలవుతారు. పంట పోయిన రైతు బాధ నిజం. పరిహారం కోసం తిరిగే తిరుగుడూ నిజం. కానీ తీగకి ఎవరు వచ్చారో తెలియదు. తర్వాత నిప్పు. ఫిబ్రవరి నుంచి మే దాకా తగలబడే గడ్డిలో కుందేళ్లు, ముళ్లపందులు, నేల మీది జంతువుల పిల్లలు పోతాయి, ఆ లెక్క ఎవరూ రాయరు. వెలిగొండల్లో ఎర్రచందనం కొట్టేవాళ్ల రాకపోకలు వేరే తలనొప్పి. రాత్రంతా మనుషులు తిరిగే లోయలో కణితి నిలవదు. ఊరకుక్కలు మందగా అడవిలోకి వెళ్లి దుప్పి పిల్లలను చంపడమే కాదు, డిస్టెంపర్ లాంటి జబ్బులూ మోసుకెళ్తాయి.

రోడ్లూ రైలూ ఉన్నాయి. దోర్నాల-శ్రీశైలం ఘాట్, గిద్దలూరు-నంద్యాల రైలు మార్గం, ఆత్మకూరు నుంచి బద్వేలు వైపు కొండ దాటే హైవే. వీటితో పోలిస్తే 2019లో మొదలైన కృష్ణపట్నం-ఓబులవారిపల్లె రైలు మార్గం ఒక విషయంలో నయం. రాపూరు దగ్గర 6 కిలోమీటర్లకు పైగా కొండ కిందుగా సొరంగంలో పోతుంది, పైన అడవి అలాగే ఉంది.

సర్వేకి అనుమతి కావాలా?

అభయారణ్యంలో అడుగుపెట్టాలంటే తప్పకుండా కావాలి. చట్టంలో 28వ సెక్షన్ కింద అధ్యయనానికి, ఫొటోలకి ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు అనుమతిస్తారు. ఎలుకనో గబ్బిలాన్నో పట్టి వదలాలంటే అది వేరే అనుమతి. ప్రాజెక్టు గడువుకి చాలా నెలల ముందే దరఖాస్తు పెట్టుకోండి, లేకపోతే టెన్షన్ పడాల్సింది మీరే.

ఫొటో దొరికింది. ఫేస్‌బుక్‌లో పెట్టొచ్చా?

ఊరు పేరు, లొకేషన్, వెనక గుర్తుపట్టగలిగే కొండా గుడీ ఉంటే వద్దు. అలుగు విషయంలో ఇది మరీ ముఖ్యం. దాని పొలుసుల కోసం జరిగే దొంగ వ్యాపారం దేశాలు దాటి ఉంది. వాట్సాప్‌లో ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే జీపీఎస్ వివరాలు కూడా దాంతో పాటే వెళ్తాయని చాలామందికి తెలియదు. ఐనాచురలిస్ట్‌లో (చూసిన జీవులను నమోదు చేసే సైటు) పెడితే ప్రమాదంలో ఉన్న జాతుల కచ్చితమైన చోటు దానంతటదే దాచిపెడుతుంది.

ఎలుగుబంటి ఎదురైతే?

పరుగెత్తొద్దు. దాని వైపు చూస్తూనే మెల్లగా వెనక్కి జరగండి. పిల్లలున్న తల్లి అయితే ఫొటో ఆలోచనే వద్దు. ఇప్పపూలు రాలే రోజుల్లో చీకటితో చెట్ల కిందికి వెళ్లకపోతే సగం ప్రమాదం తప్పుతుంది.

కాలేజీ విద్యార్థిని. ఎక్కడ మొదలుపెట్టాలి?

అభయారణ్యం బయట. అనుమతుల గొడవ ఉండదు, పని నేర్చుకోవచ్చు. మీ ఊరి నుంచి కొండ దాకా ఉన్న రోడ్డులో ఒక పది కిలోమీటర్ల ముక్క ఎంచుకుని, వారానికి ఒకసారి అదే రోజు, తెల్లవారి అదే వేళకి బండి మీద నెమ్మదిగా వెళ్లి, చచ్చిపడి ఉన్న జంతువులను రాయండి. ముంగిస, పునుగుపిల్లి, కుందేలు, నక్క ఎక్కువగా దొరుకుతాయి. చేతితో తాకొద్దు, స్కేలు పెట్టి ఫొటో తీయండి. నోటుబుక్కులో తేదీ, బయల్దేరిన వేళ, ముగిసిన వేళ, వెళ్లిన దూరం, వాన పడిందా, ఏం దొరికింది అని గళ్లు గీసుకోండి. ఏమీ దొరకని వారం "సున్నా" అని రాయండి. ఒక ఏడాది తిరిగేసరికి ఏ మలుపులో, ఏ నెలలో ఎక్కువ చస్తున్నాయో మీ దగ్గర ఉంటుంది. రేంజ్ ఆఫీసుకి తీసుకెళ్తే స్పీడ్ బ్రేకర్ ఎక్కడ వేయాలో అడగడానికి అది చాలు.